బావికి బదులిచ్చిన జాగా

కిటికీ చౌకట్టు గోడలోంచి ఊడొచ్చి వాకిట్లో పడింది. దానితోపాటు ఇటుక పెళ్లలు, కిటికీలో పెట్టుకున్న అద్దం, దువ్వెన, కొబ్బరినూనె సీసా అన్నీ కిందపడ్డాయి. నరేందర్ గడ్డపారను చేతులు మార్చుకుని రెండో కిటికీ వైపు నడిచాడు.

పొలం నుంచి పరుగున వచ్చిన రాజీ రోడ్డు అంచునే ఆగిపోయింది. మొండయ్య ఇంటి సామానంతా రోడ్డు పక్కన కుప్పపడి ఉంది. బియ్యం సంచి చిరిగి బియ్యం మట్టిలో కలిసింది. ఆ బియ్యాన్ని తొక్కుతూ కర్రలు పట్టుకుని తిరుగుతున్నవాళ్లు పరాయివాళ్లయితే ఆమె నోరు చేసుకునేదే. అందరూ తన బీక్యా తండావాళ్లే. ఒక్కడూ ఆమె కళ్లలోకి చూడలేదు.

చూడటానికి మొహం చెల్లాలి కదా. రాజీ భర్త మాన్‌సింగ్‌ను మట్టిలో పెట్టి నెల తిరగలేదు. ఆ రోజు పాడె మోసినవాళ్లలో మొండయ్య కొడుకు ప్రశాంత్ అందరికంటే ముందున్నాడు. ఇప్పుడదే ప్రశాంత్‌ను ఇద్దరు రెక్కలు విరిచి వాకిట్లో వేపచెట్టుకు అదిమి పట్టుకున్నారు. నుదురు చిట్లి నెత్తురు కనుబొమ్మ మీదుగా కారుతోంది.

ప్రశాంత్ తల్లి బుచ్చవ్వ గడపకు అడ్డంగా కూర్చుని, తనను చంపి లోపలికి పొమ్మని ఎవరినీ చూడకుండా అంటోంది. అరుగు మీద మొండయ్య స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. జీవితమంతా బావులు తవ్విన ముసలాయన. కొడుకును కొడుతున్నా, ఇల్లు కూలుస్తున్నా మాట్లాడలేదు. ఆ మౌనమే రాజీని ఎక్కువ భయపెట్టింది.

ఆమె వెళ్లి తన కొడుకు నరేందర్ చేతిలోని గడ్డపార పట్టుకుంది. తల్లీకొడుకులు తమ ఇంటి భాషలోనే మాట్లాడుకున్నారు.

"పక్కకు జరుగు యాడీ. గిది నా బాపు పేరు మీదున్న ఇల్లు."

"పేరొక్కటే మీ బాపుది. ఇల్లు మొండయ్య మామది. నీకెరుక లేదా?"

"నాకెరుకే. సర్కారోళ్లకు ఎరుక లేదు. ఈ ఇంటిని చూపెట్టే గదా మాకు సర్కారు ఇల్లు రాదన్నరు."

కొడుకు చెప్పింది నిజం. అదే ఆమె ప్రాణానికి వచ్చింది.

ఆ ఊరు ఏజెన్సీ కింద ఉంది. గిరిజనులు కానివాళ్ల పేరు మీద అక్కడ జాగా ఎక్కదు. మొండయ్య గిరిజనుడు కాదు, నర్మెట్ట దిక్కు మనిషి. అక్కడ బోర్లు వచ్చి బావులు తవ్వించేవాడే కరువైతే, పెళ్లాన్నీ చంటిపిల్లవాడైన ప్రశాంత్‌నూ వెంటబెట్టుకుని పని వెతుక్కుంటూ గార్ల దిక్కు వచ్చాడు. మాన్‌సింగ్ పొలంలో బావి మొదలుపెట్టాడు. కొంత లోతుకు వెళ్లగానే బండ పడింది. ఇంకొకడైతే గడ్డపార అక్కడే పారేసి వెళ్లిపోయేవాడు. మొండయ్య పోలేదు. మందుపెట్టి పేల్చుకుంటూ, పేలిన రాయిని మొగుడూ పెళ్లాం మోసుకుంటూ, నీళ్లు చూసేదాకా వదల్లేదు.

కూలి ఇద్దామంటే మాన్‌సింగ్ ఇంట్లో గింజ లేదు. నీళ్లు పడ్డ రోజున బావిలోకి దిగి, దోసిట నీళ్లు పట్టి మొండయ్య చేతుల్లో పోశాడు. రోడ్డు పక్కన ఉన్న జాగా ఇకనుంచి నీదే బావా అన్నాడు. ఒడ్డున చూస్తున్నది రాజీ, బుచ్చవ్వ. మూడో మనిషి లేడు. అప్పటినుంచి రాజీకి మొండయ్య అన్న అయ్యాడు, బుచ్చవ్వ వదినె అయింది. నరేందర్, ప్రశాంత్ బావా బావా అనుకుంటూ ఒకే కంచంలో తిని పెరిగారు.

బావిలో తీసిన రాయితోనే మొండయ్య ఇంటికి పునాది వేశాడు. గోడ గోడకూ ఏడాది పట్టింది. ఇంటి నంబరు, కరెంటు మీటరు, పన్ను అన్నీ మాన్‌సింగ్ పేరు మీదే ఎక్కాయి. అలా కాకుండా ఎక్కించే దారి కూడా లేదు. బావ పేరు మీదుంటే నా పేరు మీదున్నట్టే కదా అని మొండయ్య నవ్వేవాడు. మాన్‌సింగ్ మాత్రం తన తండాలో మట్టిగోడల రేకుల షెడ్డులోనే ఉండి, తన పేరు మీద ఉన్న స్లాబు ఇంటికి పండుగలకు చుట్టంగా వచ్చి పోయేవాడు. ఇద్దరికీ అందులో తప్పు కనబడలేదు. మనుషులు ఇంత మంచివాళ్లయితే ఎవరో ఒకరి మెడకు చుట్టుకోక మానదు. ఇక్కడ నరేందర్ మెడకు చుట్టుకుంది.

నరేందర్ భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కింద టిప్పర్ నడుపుతాడు. అక్కడ పెళ్లాం బిడ్డలతో ఉందామని గది కోసం తిరిగితే, పేరు చెప్పగానే కిరాయికి లేదన్నారు. లంబాడోళ్లకు ఇయ్యమని ఒకామె మొహం మీదే తలుపేసింది. చివరికి డ్రైవర్లంతా కలిసి పడుకునే షెడ్డులో మూల దొరికింది. భార్య కల్యాణి, బిడ్డ సుమన తండాలో రాజీ దగ్గర ఉండిపోయారు. పోయిన వానాకాలం తండాలోని ఆ రేకుల షెడ్డు గోడ నాని కూలింది. కింద సుమన కాలు నలిగింది. ఆ పిల్ల ఇప్పటికీ కుంటుతోంది.

సర్కారు ఇళ్లు ఇస్తున్నారంటే కల్యాణి పేరు రాయించింది. చూడటానికి వచ్చినవాళ్లు, మీ మామ పేరు మీద రోడ్డు పక్కన స్లాబు ఇల్లుంది కదా అని కొట్టేసి వెళ్లిపోయారు. ఆ ఇల్లు మాది కాదని చెబుదామంటే మొండయ్య నోట్లో మట్టి కొట్టినట్టవుతుందని మాన్‌సింగ్ పోయేదాకా పెదవి విప్పలేదు. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. కానీ పిల్ల కాలు విరిగింది.

"నువ్వు ఇడువు యాడీ," అని నరేందర్ గడ్డపార లాగాడు. ఆ లాగడంలో రాజీ బొక్కబోర్లా పడింది. మోచేయి దోక్కుపోయింది.

అత్తను పడేసిండని ప్రశాంత్ కేక వేశాడు. అప్పటిదాకా అతన్ని పట్టుకున్నవాళ్ల చేతులు ఒక్క క్షణం సడలాయి. ఆ క్షణం చాలింది. విదిలించుకుని వచ్చి, కిందపడ్డ ఇటుక అందుకుని నరేందర్ మొహం మీద కొట్టాడు. దవడ దగ్గర చర్మం చీలింది. నరేందర్ నెత్తురు తుడుచుకుని చూసుకున్నాడు. తర్వాత గడ్డపారను అడ్డంగా తిప్పి కొట్టాడు.

ఆ దెబ్బ తలకు తగలాల్సింది. ప్రశాంత్ చేయి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు రాజీకి స్పష్టంగా వినిపించింది. తాపీ పట్టే కుడిచేయి మోచేతి కింద వేలాడిపోయింది. అతను చేతిని కడుపుకు అదుముకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అప్పుడు లేచాడు మొండయ్య. అరుగు దిగి వచ్చి కొడుకుకూ నరేందర్‌కూ మధ్య నిలబడ్డాడు. గొంతు పెంచకుండా ఒక్క మాట అన్నాడు.

"నన్ను గూడ కొట్టు అల్లుడా. ఒక్క దెబ్బకే పోత."

నరేందర్ చేయి లేవలేదు. కానీ వెనక ఉన్నవాళ్లలో ఎవడో ముసలోన్ని తీసి పక్కన పెట్టమన్నాడు. నరేందర్ ముసలాయన గుండెల మీద చేయివేసి ఒక్క తోపు తోశాడు. మొండయ్య వెల్లకిలా మెట్ల మీద పడ్డాడు. లేవబోయాడు, తుంటి సహకరించలేదు. బుచ్చవ్వ గడప వదిలి పెనిమిటి దగ్గరికి పాకింది. ఆమె నోట్లోంచి వచ్చిన ఏడుపు విని తండావాళ్లే రెండడుగులు వెనక్కి వేశారు.

అప్పుడొచ్చాడు తండా పెద్ద తుల్సీరాం. ఎవరో ఫోన్ చేస్తే గార్ల సంత నుంచి సగం సరుకు వదిలేసి బండి మీద వచ్చాడు. నరేందర్ చెంప మీద ఒకటి పీకి గడ్డపార లాక్కుని రోడ్డవతలకు విసిరేశాడు. పోలీసుల దాకా పోతే ఎవరికీ మంచిది కాదన్నాడు. నెత్తురు కళ్లజూసినందుకు నరేందర్ జైలుకు పోతాడు, ఏజెన్సీ జాగాలో ఇల్లు కట్టినందుకు మొండయ్యకు నిలువ నీడ పోతుంది. ప్రశాంత్ చేతికి రుమాలు కట్టి దవాఖానకు పొమ్మంటే, ఇంటి సంగతి తేలేదాకా కదలనని అతను మొండికేశాడు. సరే, ఇక్కడే తేల్చేద్దామని తుల్సీరాం వాకిట్లోనే కూర్చున్నాడు. ఇంకో నలుగురు పెద్దలు వచ్చి చుట్టూ కూర్చున్నారు.

మంచం మీద పడుకోబెట్టిన మొండయ్యను మొదట అడిగారు. నీ దగ్గర ఏమున్నది అన్నారు. కాగితం లేదు, సాక్షిగా బావి ఉంది, అది మాట్లాడదు కదా అన్నాడు ఆయన. తర్వాత రాజీ వైపు చూశాడు.

"మా బావ పోయిండు. ఇగ తెలిసింది నా చెల్లెకే. ఆమె ఏం జెప్తె గదే. నేను ఎదురు మాట్లాడ, నా కొడుకును మాట్లాడనియ్య."

బుచ్చవ్వ ఊరట పడ్డట్టు కళ్లు మూసుకుంది. నరేందర్ అయితే తల్లి వైపు చూడనే లేదు. అతనికి తల్లి ఏం చెబుతుందో తెలుసు. ఓడిపోయినట్టే తల దించుకుని కూర్చున్నాడు.

తుల్సీరాం చెట్టు నుంచి వేపమండ విరిచి తెచ్చి రాజీ ముందు నేల మీద పెట్టాడు. తండాలో మాట తేలనప్పుడు అదే ఆఖరి తీర్పు. వేపమండ ఎత్తి చెప్పిన మాటకు తిరుగులేదు. ఎత్తి అబద్ధమాడిన మనిషికి తండాలో ఎవరూ నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, మాట నమ్మరు. రాజీ పెళ్లయి వచ్చాక ఎవరూ అబద్ధానికి దాన్ని ఎత్తగా చూడలేదు.

ఆమె వంగబోతుంటే కల్యాణి వచ్చి పక్కన కూర్చుంది. చంకలో సుమన. కోడలు అరవలేదు, ఏడవలేదు. అత్త చెవిలో మెల్లగా చెప్పింది.

"నీ అన్న ఇల్లే, నాకు గూడ ఎరుకే. కానీ ఈ వానాకాలం మళ్ల గోడ కూలితే ఈసారి కాలుతోని పోదు. నేను ఎవ్వలిని అడుగాలె జెప్పు. నిన్నే అడుగుతున్న."

అంతే. పిల్ల కాలు సవరించి ఒళ్లో పెట్టుకుంది. ఆ కాలు మోకాలి కింద వంకర పోయి ఉంది. రాజీ రాత్రుళ్లు నూనె రాసి రుద్దే కాలు అది.

రాజీ వేపమండ ఎత్తింది. ఎవరి మొహమూ చూడకుండా, నేల చూస్తూ చెప్పింది.

"ఇల్లు మాది. నా పెనిమిటి కట్టించిండు. మొండయ్యన్నను ఉండుమన్నం, ఉన్నడు."

నరేందర్ తల ఎత్తి తల్లిని వింతగా చూశాడు. బుచ్చవ్వ కళ్లు తెరిచింది గానీ ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ప్రశాంత్ విరిగిన చేత్తోనే లేవబోయాడు. అత్తా, ఏమంటున్నవ్ అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. చిన్నప్పుడు ఆమె ఒళ్లో నిద్రపోయిన పిల్లవాడి గొంతు అది.

"కూసో," అన్నాడు మొండయ్య కొడుకుతో. "చెల్లె జెప్పింది గద. బుచ్చీ, సామాను మూట గట్టు. పాలకుర్తిల నీ తమ్ముడు ఉన్నడు, కొన్నొద్దులు ఆడ ఉందం."

తుల్సీరాంకు లోపల అనుమానం ఉంది. కానీ వేపమండ ఎత్తిన మాట మీద అనుమానం చెప్పుకునే దారి లేదు. తండా కుర్రవాళ్లు కొందరు విజిల్ వేశారు. సుమన ఆ చప్పుడుకు బెదిరి తల్లి భుజంలో మొహం దాచుకుంది.

మొండయ్య మంచం మీదే పక్కకు తిరిగి రాజీని పిలిచాడు. తిడతాడనుకుంది ఆమె. తిడితే బాగుండుననుకుంది. నాలుగు మాటలు పడితే తన గుండెల మీది బరువు కొంచెం దిగేది.

"చెల్లె, బాయి కాడ మోటరు స్టార్టర్‌కు వైరు తేలింది. నిన్న కట్టుదామనుకున్న, కుదరలే. నరేందర్‌కు జెప్పు, తడిచేతులతోని ముట్టకుమ్మను."

రాజీ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఈ మనిషిని మెట్ల మీదికి తోసినవాడు నరేందర్. ఆ నరేందర్ చేతికి షాక్ కొడుతుందని ఈయన బాధ. ఉన్న ఇల్లు పోయిన స్థితిలో కూడా బావి మోటరు గుర్తుంది ఈయనకు. ఆమె తల ఎత్తి పెద్దల వైపు చూసింది.

"అబద్ధం," అంది. "నేను అబద్ధమాడిన. ఇల్లు మొండయ్యన్నది. నా పెనిమిటి బాయిల నీళ్లు తీసి ఆయన చేతులల్ల పోసిండు. ఈ రెండు కండ్లతోని చూసిన. నా మనుమరాలి కాలు చూసి అబద్ధమాడిన."

కల్యాణి ఒక్కసారి అత్త వైపు చూసి, పిల్లను ఎత్తుకుని లేచి వెళ్లిపోయింది.

తుల్సీరాం కిందపడ్డ వేపమండను తీసి రెండుగా విరిచి పారేశాడు. ఇల్లు మొండయ్యదే, ఈ వాకిట్లోకి తండావాళ్లు ఎవరు కర్ర పట్టుకుని వచ్చినా తాను ఊరుకోనని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు గట్టిగానే ఉంది. రాజీ గురించి చెప్పేటప్పుడు తగ్గింది. వయసులో ఆమె కంటే చిన్నవాడు, ఆమె చేతి రొట్టె తిన్నవాడు.

"వదినా, నువ్వు రెండు మాటలు అన్నవు. రేపటినుంచి నీ ఏ మాట తీసుకోవాలె మేము? తండాల నీకు నిప్పు లేదు, నీళ్లు లేవు. నేను పెట్టిన రివాజు కాదిది."

న్యాయం చెప్పినవాడి కళ్లలో నీళ్లు తిరిగితే ఆ న్యాయం ఎవరికి పనికొచ్చినట్టు? రివాజు మాత్రం నెగ్గింది.

నరేందర్ లేచాడు. దవడ మీద నెత్తురు గడ్డకట్టి మొహం ఒకవైపు ఉబ్బింది. తల్లికి ఎదురుగా వచ్చి నిలబడి ఆమెను తేరిపార చూశాడు. తిట్టలేదు. ముందు అబద్ధమాడకపోయినా తాను ఏమీ అనుకునేవాడు కాదన్నాడు. చేతిలో పెట్టి గుంజుకున్నవు యాడీ అన్నాడు. బండి తీసి తండా వైపు వెళ్లిపోయాడు. అతని వెంట వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

ప్రశాంత్‌ను ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. మొండయ్యను మంచంతో సహా లోపలికి చేర్చి మనుషులు వెళ్లిపోయారు. రోడ్డు మీద సామాను ఒక్కటే మిగిలింది. బుచ్చవ్వ ఒక్కో గిన్నె తెచ్చి లోపల పెడుతోంది. రాజీ వంగి నీళ్ల బిందె ఎత్తుకుంది. బుచ్చవ్వ వచ్చి ఆ బిందెను ఆమె చంకలోంచి తీసుకుంది.

రాజీ బతిమాలింది. అబద్ధమాడిన నోటితోనే నిజం కూడా చెప్పిన గదా వదినె అంది. పిల్ల కాలు చూసి కళ్లు మూసుకుపోయాయంది. చెప్పు తీసుకుని కొట్టమంది. బుచ్చవ్వ వినపడనట్టు బిందె మోసుకుని వెళ్లింది. చిరిగిన బియ్యం సంచి దగ్గర కూర్చుని, మట్టి అంటని గింజలు చేటలోకి తీసుకుంది. అది కూడా లోపల పెట్టాక తలుపు వేసుకుంది. గొళ్లెం పెట్టిన చప్పుడు విని రాజీ అరుగు మీద కూర్చుంది. పోవడానికి ఆమెకు ఇంకో చోటు గుర్తు రాలేదు.

పొద్దు వాలుతుండగా తండా వైపు పొగ లేచింది.

మొదట చెత్త తగలబెడుతున్నారనుకుంది. పొగ నల్లబడి, దాని కింద మంట కనబడేసరికి లేచి నిలబడింది. ఆ మంట తమ షెడ్డు వైపే ఉంది. చేను గట్ల మీదుగా కల్యాణి పరుగెత్తుకొస్తోంది. చంకలో సుమన. కల్యాణి పైట ఒకవైపు కాలి నల్లబడి ఉంది.

ఆమె ఆయాసపడుతూనే జరిగింది చెప్పింది. నరేందర్ ఇంటికి రాగానే డీజిల్ డబ్బా తీసి రాజీ మంచం మీద, ఆమె బట్టల పెట్టె మీద పోసి అంటించాడు. రేకులు, వాసాలు, ఉన్న గింజలు అన్నీ కాలిపోతున్నాయి. లోపలున్న పిల్లను తాను లాక్కొచ్చేలోపే మంట గుమ్మం దాకా వచ్చింది. నాకు ఇల్లు ఉందన్నరు, తర్వాత లేదన్నరు, ఇగ ఎవ్వలికీ ఉండొద్దు అని అరుస్తున్నాడట. ఇంకో డబ్బా బండికి కట్టుకున్నాడట. పెళ్లాం ఎటు పోయిందో, బిడ్డ ఎటు పోయిందో అతను చూసుకోలేదు.

"ఈడికే వస్తున్నడు," అంది కల్యాణి. "నేను అడ్డదారిన వచ్చిన."

తలుపు గొళ్లెం తీసిన చప్పుడైంది. బుచ్చవ్వ తలుపు జానెడు తెరిచి నిలబడింది. అంతా విన్నట్టుంది. ఆమె చూపు సుమన కాలు మీద పడింది, అక్కడే ఆగింది. చేతులు చాచింది.

"పొల్లను ఇటియ్యి. నువ్వు గూడ రా బిడ్డా. ఎనుక అర్రల మా ముసలాయన పక్కకు పొయ్యి కూసో."

కల్యాణి ఆ గడప దాటడానికి తటపటాయించింది. బుచ్చవ్వ చేయి పట్టుకుని లోపలికి లాగింది. వాళ్ల వెనకే రాజీ ఒక అడుగు వేసింది. బుచ్చవ్వ తలుపుకు చేయి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు," అంది. మళ్లీ గొళ్లెం పడింది.

రోడ్డు మలుపులో బండి శబ్దం వినిపించింది. రాజీ వాకిట్లోకి పరుగెత్తింది. సాయం కోసం అటూ ఇటూ చూసింది. తుల్సీరాం, తండావాళ్లు అందరూ మంట ఆర్పడానికి పోయి ఉంటారు. నరేందర్ బండి దిగి డబ్బా విప్పుకున్నాడు. అతని కళ్లు ఆమెను చూస్తున్నట్టు లేవు. ఆమె మీదుగా, కిటికీ ఊడిన కంత వైపు చూస్తున్నాయి. ఆమె అతని నడుం పట్టుకుంది. విదిలించుకుని ముందుకు నడిచాడు. ఆమె కాళ్లు పట్టుకుంది, ఈడ్చుకుంటూ నడిచాడు.

"నీ బిడ్డ లోపలున్నది కొడకా," అంది రాజీ. "నీ పెండ్లాం, నీ సుమన లోపలున్నరు. నా మీద ఒట్టు."

నరేందర్ ఆగి తల్లిని చూశాడు. ఎండిన నెత్తురు పగిలేలా నవ్వాడు.

"ఇంకెన్ని అబద్ధాలాడ్తవ్ యాడీ," అని డబ్బా మూత తిప్పాడు.